హంస బొమ్మ బండి వెనకాలే

ఆ రోజు పొద్దున్న టార్చి వేసుకున్న పథకం చాలా చిన్నది. లారీ ఎక్కాలి. ముందు వెళ్లే లారీ వెనకాలే వెళ్లాలి. అది ఆగినచోట తనూ ఆగి, సరుకు దింపించి, చీకటి పడకముందే ఖాళీ బండితో తిరిగొచ్చేయాలి. ఇందులో చెడగొట్టడానికి ఏముందని అతను అనుకున్నాడు. చెడగొట్టడానికేమీ లేదనుకున్న పనుల్లోనే మనవాళ్ల ప్రతిభ అంతా బయటపడుతుందని అతనికప్పటికి తెలియదు.

టార్చి అసలు పేరు కాదు. సినిమా హాల్లో ఆలస్యంగా వచ్చినవాళ్లకి చీకట్లో టార్చిలైటు వేసి సీట్లు చూపించేవాడు. పెళ్లికి ముందు చేరిన ఆ పనిలోనే సగం జుట్టు నెరిసింది. తర్వాత హాలు మూతపడింది. దాన్ని పడగొట్టి దుకాణాలు కట్టడం మొదలుపెట్టారు. ఉద్యోగం పోయింది, టార్చిలైటు హాలువాళ్లు పుచ్చుకున్నారు, పేరొక్కటే అతనికి మిగిలింది.

ఇక ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే, చిన్నప్పటినుంచీ లోపల అణిగి ఉన్న లారీ పిచ్చి పైకి తేలింది. చేతిలో ఉన్న కాస్త డబ్బూ తీసుకెళ్లి డ్రైవింగు స్కూల్లో పోశాడు. ఆ స్కూలుకి ఉన్నది ఒకటే లారీ, దానికి రివర్సు గేరు పడదు. అందుకని రివర్సు పాఠం నల్లబల్ల మీద చెప్పారు. చాక్‌పీసుతో గీసిన లారీని టార్చి ఎన్నోసార్లు వెనక్కి తీసుకెళ్లి రెండు గీతల మధ్య నిలబెట్టాడు. ఒక్కసారి కూడా గోడకి తగల్లేదు. లైసెన్సు వచ్చింది గాని పని రాలేదు. ఎక్కడికి వెళ్లినా అనుభవం ఉందా అని అడిగేవాళ్లే. బండి ఇస్తేనే కదా మహానుభావా, అనుభవం వచ్చేది!

చివరికి ఒక ట్రాన్స్‌పోర్టు ఓనరు కరుణించాడు. ఆయన కొత్తగా పెళ్లయిన రోజుల్లో భార్యని తీసుకుని ప్రతి సినిమాకీ ఆలస్యంగా వచ్చేవాడట. టార్చి విసుక్కోకుండా మూల సీట్లు చూపించేవాడట. ఆ కృతజ్ఞత కొద్దీ, "ఒక్క ట్రిప్పు ఇస్తానయ్యా. సరుకు చెక్కుచెదరకుండా చేర్చావా, ఉద్యోగం నీది. లేదంటే మళ్లీ వచ్చి నన్ను మొహమాట పెట్టకు" అన్నాడు.

ఆ ఒక్క ట్రిప్పు మీద టార్చి సంసారమంతా వేలాడుతోంది. ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు ఖాళీ చేసి మామగారింటికి చేరాల్సిందే. మామగారికి పిండిమర ఉంది. మనిషి మంచివాడే. కాని మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టాడంటే మర ఆగినా ఆయన ఆగడు. కూతురూ అల్లుడూ వస్తారని ఒక గది ఖాళీ చేయించి, రంగులు కూడా వేయించి కూర్చున్నాడు. అల్లుడి ప్రయత్నం ఫలించదని ఆయనకి అంత గట్టి నమ్మకం.

"ఏవండీ, గిన్నెలు సగం మూట కట్టాను. మిగతా సగం కట్టనా, ఆగనా?" అని అడిగింది భార్య, అన్నం డబ్బా చేతికిస్తూ.

"సాయంత్రం దాకా ఆగు."

"నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. మంచం ఏ మూల వేయించమంటారని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"మా ఆయన లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేదే తక్కువ, మంచం ఏ మూలుంటే ఏంటి అన్నాను."

టార్చి డబ్బా అందుకున్నాడు. ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషిని పిండిమర పక్కన కూర్చోబెట్టాల్సి వస్తే తను బతికి ఏం లాభం అనిపించింది. "అయితే ఆ కట్టిన సగం కూడా విప్పేయకూడదూ?" అన్నాడు.

"అంత నమ్మకం ఇంకా రాలేదు లెండి. జాగ్రత్తగా వెళ్లిరండి."

ట్రాన్స్‌పోర్టు షెడ్డులో రెండు లారీలు సిద్ధంగా ఉన్నాయి. రెండూ ఊరి బయట కొత్తగా కట్టిన విద్యార్థుల హాస్టలుకే. ముందు లారీలో నేలకి వేసే పలకలు, దాని డ్రైవరు అక్కడ అందరికంటే పాతవాడు, అందరూ గురువు అని పిలిచేవాడు. వెనక లారీలో గడ్డి కప్పి సర్దిన తెల్లని కమోడ్లు, దాని డ్రైవరు మన టార్చి. పిల్లలు మర్నాడే హాస్టల్లో దిగుతున్నారు. కమోడ్లు సాయంత్రానికి చేరకపోతే జరగబోయేది ఊహించుకోవడం కూడా మర్యాద కాదు.

గురువు టార్చిని దగ్గరికి పిలిచి పాఠమంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "విను. నా వెనకాలే రా. నేను తిరిగితే తిరుగు, ఆగితే ఆగు. నేను దిగినా నువ్వు దిగకు, బండి కాపలా చూసుకో. మధ్యలో సొంత బుర్ర వాడావో, అక్కడే దింపేస్తా. ఫోన్ మోగినా ఎత్తకు. చెయ్యి స్టీరింగు మీద, చూపు నా బండి మీద. అర్థమైందా?"

"అయింది గురువుగారూ. మరి మీ బండికి గుర్తేంటి?"

"కళ్లున్నాయిగా! పైన పసుపు టార్పాలిన్, వెనక తలుపు మీద హంస."

ఆ హంస సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ చుట్టుపక్కల లారీలకి బొమ్మలేసే పెయింటరు ఒక్కడే, ఆయనకి వచ్చిన బొమ్మా ఒక్కటే. ఆయన దాన్ని హంస అంటాడు గాని, చూసినవాళ్లలో సగంమందికి అది మంచినీళ్ల కూజాలా కనిపిస్తుంది. పులి బొమ్మ వెయ్యమన్నా, గులాబీ వెయ్యమన్నా, పని పూర్తయ్యేసరికి హంసే తేలుతుంది. ఇక టార్పాలిన్‌లంటారా, చవగ్గా వస్తున్నాయని ఓనరు బండ్లన్నిటికీ పసుపువే కొనిపడేశాడు. ఇదంతా పాతవాళ్లకి తెలుసు. టార్చికి మాత్రం లోకంలో ఉన్న హంస ఒక్కటే.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా సాగింది. రైలు గేటు దగ్గర గేటు వేసి ఉంది. లారీలు, బస్సులు, స్కూటర్లు దొరికిన సందులోకల్లా దూరి నిలబడ్డాయి. గేటు లేవగానే అందరికీ ఒకేసారి తొందర ముంచుకొచ్చింది. గురువు బండికీ టార్చి బండికీ మధ్యలోకి ఒక బస్సు అడ్డంగా దూరిపోయింది. పళ్లు కొరుక్కుంటూ టార్చి దాని వెనకే నడిపాడు. కొంతదూరం పోయాక బస్సు పక్కకి తిరిగింది. ఎదురుగా పసుపు టార్పాలిన్, దాని కింద హంస! హమ్మయ్య అనుకున్నాడు టార్చి. పోయిన ప్రాణం లేచొచ్చింది.

గురువు బండి వేరే రోడ్డు పట్టిందనీ, ఇది ఇంకో హంస అనీ అతనికి చెప్పేవాళ్లు లేరు. చెబుదామనే గురువు అదేపనిగా ఫోన్ చేస్తున్నాడు. కాని టార్చి బుద్ధిమంతుడు, ఎత్తలేదు.

ఇక ఆ ముందు బండిలో ఏం జరుగుతోందో కూడా తెలుసుకోవాలి. అదీ ఆ ఓనరు బండే. రిపేరుకని మెకానిక్కు దగ్గరికి పంపించిన బండి. నడిపే కుర్ర డ్రైవరు రిపేరు తెల్లారేలోపే చేయించేశాడు. ఎందుకంటే ఆ రోజు అతను ఇల్లు మారుతున్నాడు. పాత ఇంటివాళ్లు వెళ్లిపొమ్మన్నారు, కొత్త ఇల్లు ఊరికి ఇంకో చివర దొరికింది, బండి అద్దెకి మాట్లాడుకునే స్తోమత లేదు. ఓనరు బండిని ఒక్క పూట వాడుకుంటే ఏం పోతుందిలే అని బీరువా, మంచాలు, పొయ్యి, కుండీలు అన్నీ ఎక్కించేశాడు. క్యాబిన్లో కూర్చుంటే కళ్లు తిరుగుతాయని వాళ్లమ్మ కూడా వెనకే, పరుపుల చుట్ట మీద ఎక్కి కూర్చుంది. ఇలా సొంత పనులకి బండి తీసుకెళ్లినవాణ్ణి ఓనరు ఆ క్షణమే తీసేస్తాడని షెడ్డులో అందరికీ తెలుసు.

ఆ డ్రైవరు సైడు అద్దంలోకి చూశాడు. వెనక తమ ట్రాన్స్‌పోర్టు లారీయే. నుదుటి మీద ఓనరు పేరు, స్టీరింగు దగ్గర ఎప్పుడూ చూడని మొహం. ఒరేయ్, ఓనరు మనిషిని పెట్టి వెంబడిస్తున్నాడా అని అతనికి అనుమానమొచ్చింది. చూద్దామని బండి పక్కకి ఆపాడు. వెనక బండీ ఆగింది. ఇతను దిగి నీళ్లు తాగాడు. అతను దిగలేదు, కన్నార్పకుండా చూస్తున్నాడు. ఇతను మళ్లీ ఎక్కి బయల్దేరాడు. అతనూ బయల్దేరాడు. ఇంకేముంది, అనుమానం తీరిపోయింది.

నిజానికి టార్చి కూడా అప్పుడొక్కసారి ఆలోచనలో పడ్డాడు. దిగి నీళ్లు తాగిన మనిషి వెనకనుంచి చూస్తే గురువుకన్నా కాస్త సన్నగా కనిపించాడు. కాని సొంత బుర్ర వాడొద్దని చెప్పింది ఎవరు? గురువే. టార్చి వెంటనే ఆ ఆలోచన మానుకున్నాడు.

ముందు బండి వేగం పెంచింది. టార్చీ పెంచాడు. పెద్ద సర్కిల్ వచ్చింది. ముందు బండి దాని చుట్టూ ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది, మూడోసారీ తిరిగింది. టార్చి కూడా తిరిగాడు. కళ్లు తిరుగుతున్నా అతనికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. "ఎంత గొప్ప మనిషి! కసురుకున్నా కడుపులో ఎంత ప్రేమ! హాస్టలుకి తిన్నగా వెళ్లిపోవచ్చు, అయినా నాకోసం మలుపులు నేర్పుతున్నాడు" అనుకున్నాడు. మధ్యలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల వేస్తే, మా గురువుగారు నేర్పుతున్నారన్నట్టు ముందు బండిని చూపించి దణ్ణం పెట్టాడు. ఈలోపు హంస బొమ్మ పైనుంచి ఒక ముసలావిడ తొంగిచూసింది. దారిలో ఎవరినో ఎక్కించుకున్నట్టున్నాడు, ఆ గుణం కూడా ఉందన్నమాట అని టార్చి మరింత మురిసిపోయాడు.

"ఒరేయ్, ఇంకా వస్తున్నాడ్రా!" అని ముసలావిడ బండి బాడీ మీద దబదబా బాదింది. తర్వాత టార్చి వైపు తిరిగి, పో, పో అని చెయ్యి ఊపింది. గురువుగారు రమ్మంటున్నారని చెబుతోంది కాబోలనుకుని టార్చి ఇంకొంచెం దగ్గరికి వచ్చాడు. ఆవిడ రెండు చేతులూ ఊపింది. టార్చి లైట్లు వేసి ఆర్పి థాంక్స్ చెప్పాడు. ఆవిడ నెత్తి బాదుకుంది. దానికి అర్థమేంటో అతనికి తెలియలేదు గాని, మర్యాదకి హారన్ కొట్టాడు.

ఇక లాభం లేదని ముందు డ్రైవరు బండిని ఒక కాలనీ వీధుల్లోకి తిప్పాడు. అవి స్కూటర్లు ఎదురుపడితేనే పలకరించుకుని తప్పుకోవాల్సిన వీధులు. టార్చి ఊపిరి బిగబట్టి స్టీరింగు తిప్పాడు. ఎడమ పక్క గోడ, కుడి పక్క స్తంభం, పైన బట్టలారేసిన తీగ. ఎలా దాటాడో అతనికే తెలియదు. ముందు బండి ఎలా వెళ్లిందో అలా వెళ్లాడు, అంతే. మూడో మలుపులో మాత్రం ఒక టైలరు షాపు బోర్డు టార్పాలిన్ తాడుని పట్టుకుంది. తాడు తెగింది. టార్పాలిన్ పక్కకి జారింది, గడ్డి గాలికి లేచింది. ఎండలో కమోడ్లు వరసలు వరసలుగా తళతళా మెరిశాయి.

ఆ వీధిలో ఒక మేడ మీద పేపరు చదువుకుంటూ ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి తెలియని విషయం లేదు. కిందికి తొంగిచూసి, "ఓహో, వచ్చేశాయన్నమాట" అన్నాడు.

"ఏంటండీ అవి?" అని కింద అంగట్లోంచి ఒకామె అడిగింది.

"కనపడట్లా? కమోడ్లు. ఇంటికొకటి ఊరికే ఇస్తున్నారు. నేను ఎప్పుడో అనుకున్నాను."

ఆయన అనుకున్న సంగతి ఎవరూ అడగలేదు. ఊరికే అన్న మాట మాత్రం వీధి చివరిదాకా లారీకంటే ముందు చేరింది. సైకిళ్లు తిరిగాయి, స్కూటర్లు లేచాయి. పొయ్యి మీద గిన్నె దించి ఒకావిడ పరుగెత్తింది. "ఆపండి, మాది రెండంతస్తుల ఇల్లు, మాకు రెండు కావాలి!" అని ఒకాయన చేతికర్రతో సహా వెంటపడ్డాడు. టార్చి అద్దంలో జనాన్ని చూసి, పాపం ఏదో ఊరేగింపు ఉన్నట్టుంది, నా బండి అడ్డమైందనుకుని ఇంకాస్త వేగం పెంచాడు.

ముందు డ్రైవరు కూడా అద్దంలో చూశాడు. వెనక ఓనరు మనిషి, ఆ వెనక కర్రలతో కేకలేస్తూ జనం. తను చేసింది తప్పే, కాని మరీ ఇంత తప్పా అనుకున్నాడు. దొరికిన సందులోకి బండి తిప్పేశాడు. ఆ కాలనీకి కొత్త కదా, సందు చివర గోడ ఉందని తెలియదు. కీచుమని బ్రేకు వేశాడు. వెనకే టార్చి కూడా వేశాడు. హంస ముక్కుకీ టార్చి లారీ ముక్కుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది.

కుర్ర డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చి టార్చి తలుపు దగ్గర చేతులు జోడించాడు. "సార్, తప్పైపోయింది సార్! ఇంకెప్పుడూ చేయను. ఓనరుగారికి మాత్రం చెప్పకండి. నా ఉద్యోగం పోతుంది."

టార్చి అతని భుజాల మీదుగా అటూ ఇటూ వెతికాడు. "గురువుగారు ఏరీ?"

"ఏ గురువుగారు?"

"ఆ బండి నడిపిన గురువుగారు."

"నడిపింది నేనే సార్."

"నువ్వా? పొద్దున్నుంచీ నువ్వేనా?" అన్నాడు టార్చి. "మరి ఆ హంస?"

"అది అన్ని బండ్లకీ ఉంటుంది కదా సార్!"

అప్పుడు టార్చి ఫోను చూసుకున్నాడు. గురువు చేసిన కాల్సు తెరనిండా ఉన్నాయి. హాస్టలు ఎటుందో తెలియదు. తనున్నది ఎక్కడో తెలియదు. సాయంత్రం కావస్తోంది. కళ్లముందు రంగులేసిన గది, పిండిమర, మామగారు కనిపించారు. దిగి, లారీ మెట్టు మీద కూలబడి, "కొంప మునిగింది నాయనా. నాకు ఇదే మొదటి ట్రిప్పు. దారి తప్పాను" అన్నాడు.

కుర్రాడు నోరు తెరిచాడు. "మొదటి ట్రిప్పా? ఆ సందుల్లో నన్ను వదలకుండా వచ్చావు కదన్నా! నేను ఎన్ని విధాల తప్పించుకోవాలని చూశానో నీకు తెలుసా?"

"నేర్పుతున్నావనుకున్నాను" అన్నాడు టార్చి నీరసంగా.

అంతలో జనం వచ్చిపడ్డారు. సందు నిండిపోయింది, తోపులాట మొదలైంది. టార్చికి ఏం చేయాలో తోచలేదు గాని, జనాన్ని చూడగానే ఏళ్ల అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "తోసుకోకండి, వరసలో రండి, అందరికీ దొరుకుతుంది!" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. జనం హాయిగా ఊపిరి పీల్చుకుని వరస కట్టారు. కర్రాయన ముందు నిలబడ్డాడు. "నేను రెండడిగాను, గుర్తుంచుకో నాయనా" అన్నాడు.

ఆ వరసని పక్కకి తోసుకుంటూ ఒక స్కూటరు లోపలికి వచ్చింది. దాని మీదున్నది ఓనరు. లారీల మీద రాసిన నంబరుకి కాలనీలోంచి ఎన్ని ఫోన్లు రావాలో అన్నీ వచ్చాయి. మీ బండ్లు మా వీధుల్లో పరుగు పందెం పెట్టుకున్నాయని ఒకరు, నీలం రంగువి ఉన్నాయా అని ఇంకొకరు. కొత్తవాడు మాయమయ్యాడని గురువు ఏడుపు సరేసరి. ఓనరు ముందు జనాన్ని చూసి, "ఇవి హాస్టలు పిల్లలవి బాబూ! ఇక్కడ ఎవరికీ ఏమీ ఇవ్వట్లేదు" అని అరిచాడు. వరసలోంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. చివర్న పేపరు చేత్తో పట్టుకుని పెద్దమనిషి ప్రత్యక్షమై, "నేను ముందే అనుకున్నాను. మన పేర్లు రెండో విడతలో ఉన్నాయి" అని తేల్చేశాడు. అందరూ సమాధానపడ్డారు గాని ఒక్కరూ కదల్లేదు. చూడ్డానికి ఇంకా ఏదో ఉందని వాళ్లకి అర్థమైంది.

ఓనరు మెకానిక్కు దగ్గరుండాల్సిన తన బండిని చూశాడు. అందులో బీరువా చూశాడు, మంచాలు చూశాడు, పరుపుల మీద కూర్చున్న ముసలావిడని చూశాడు. మొహం ఎర్రబడింది. తర్వాత టార్చి వైపు తిరిగేసరికి ఆ మొహమే వెలిగిపోయింది.

"ఏమయ్యా, వీణ్ణి వెంటాడి పట్టుకుంది నువ్వా? ఎన్నాళ్లనుంచో డీజిలు ఎటు పోతోందో తెలియక ఛస్తున్నాను. గురువుని అడిగినా చెప్పడు. మొదటి రోజే దొంగని పట్టేశావే! నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఒక్క మాట చెప్పు చాలు, సొంత పనికి తీసుకెళ్తుంటేనే పట్టుకున్నావు, అవునా?"

అవును అంటే చాలు. గిన్నెలు విప్పించవచ్చు. మామగారి గదిలో మామగారే పడుకుంటాడు. టార్చి నోరు తెరిచాడు. కుర్రాడు నేల చూస్తున్నాడు. ముసలావిడ ఒళ్లో పూలకుండీ పెట్టుకుని, దాన్ని పట్టుకుంటే అంతా నిలబడుతుందన్నట్టు రెండు చేతులా పట్టుకుంది. ఇల్లు మారడానికి మూటలు కట్టుకున్న మనిషి ఎలా ఉంటుందో టార్చి ఆ పొద్దున్నే తన ఇంట్లో చూసి వచ్చాడు. ఇంక ఆ మాట నోట్లోంచి రాలేదు.

"కాదండీ. ఈ అబ్బాయి తప్పేం లేదు. నాకు మలుపులు సరిగా రావు. నేర్పమని నేనే బతిమాలాను."

ఓనరు కళ్లు చిన్నవి చేశాడు. "బండి మెకానిక్కు దగ్గర కదా ఉండాలి?"

"రిపేరు తొందరగా అయిపోయిందండీ. ఎలా ఉందో నడిపి చూడాలి కదా."

"మరి ఆ బీరువా?"

"బరువు లేకపోతే బండి అదురుతుందండీ. మలుపు అంచనా దొరకదు."

"మంచాలు?"

"అవీ బరువేనండీ."

"ఆ పెద్దావిడ కూడా బరువేనా?"

టార్చి ముసలావిడ వైపు చూశాడు. "ఆవిడ సిగ్నల్స్ అండీ. వెనకనుంచి చేత్తో చూపించారు."

"అవును నాయనా," అంది ముసలావిడ వెంటనే. "ఊపీ ఊపీ చేతులు పడిపోయాయి."

మలుపులు కూడా రానివాణ్ణా నేను సరుకిచ్చి పంపింది అన్న ఆలోచన ఓనరు మొహం మీద మెల్లగా పాకింది. టార్చి ఆ సంగతి చూశాడు. తన గొయ్యి తనే తవ్వుకున్నానని తెలిసి కూడా మాట మార్చలేదు.

"సరే. సందులోంచి బండి ఎలా తీస్తావు? రివర్సు వచ్చా?"

"బోర్డు మీద వచ్చండీ."

"ఏ బోర్డు మీద?"

"నల్లబల్ల మీద."

ఓనరు స్కూటరు స్టాండు వేసి చేతులు కట్టుకున్నాడు. "తియ్యి చూద్దాం. గోడకి గీత పడ్డా, ఒక్క కమోడు పగిలినా, బండి తాళం ఇక్కడే ఇచ్చేసి ఇంటికి నడిచిపో. హాస్టలుకి గురువుని పిలిపించుకుంటాను."

టార్చి సీట్లో కూర్చుని గేరు వేశాడు. చాక్‌పీసు లారీ గుర్తుకొచ్చి లాభం లేకపోయింది. దానికి వెనక ఇంతమంది జనం ఉండేవారు కాదు. అందరూ ఒకేసారి "రానీ రానీ", "కుడి కుడి", "ఆ కుడి కాదయ్యా" అని అరవడం మొదలుపెట్టారు. టార్చికి చెమటలు కారిపోతున్నాయి. అప్పుడు కుర్ర డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అన్నా, వాళ్ల మాట వినకు. నేను వెనకుంటా. బాడీ మీద రెండు దెబ్బలు కొడితే రా, ఒక్కటి కొడితే ఆగు. ఆ చప్పుడు తప్ప ఏదీ వినకు."

టక్ టక్. లారీ కదిలింది. టక్. ఆగింది. టక్ టక్. అద్దంలో గోడ దగ్గరికొచ్చింది, ఊపిరాగింది, గోడ దాటిపోయింది. కర్రాయన తన కర్ర అడ్డం పెట్టి జనాన్ని వెనక్కి తోశాడు. టైలరు తన బోర్డు విప్పి లోపల పెట్టుకున్నాడు. అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయి, చివరికి సందంతా ఆ దెబ్బల చప్పుడే మిగిలింది. లారీ వీధిలోకి వచ్చి నిలబడేసరికి కాలనీ మొత్తం చప్పట్లు కొట్టింది. టార్చి స్టీరింగు మీద తల ఆన్చి, సిగ్గుపడకుండా ఏడ్చేశాడు.

ఓనరు గోడలు తడిమి చూశాడు. లారీ ఎక్కి కమోడ్లు చూశాడు. ఒక్కటీ పగల్లేదు. దిగి, ఉద్యోగం ఊసెత్తకుండా హాస్టలు దారి చెప్పాడు. గేటు దగ్గర గురువు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. లారీ కనపడగానే లేచి, టార్చిని కింది నుంచి పైదాకా తిట్టి, తిట్టడం అయ్యాక గట్టిగా కావలించుకున్నాడు. ఆఖరి కమోడు దిగేసరికి ఇంకా కాస్త వెలుతురుంది. టార్చి అక్కడినుంచే ఇంటికి ఫోన్ చేశాడు.

"సరుకు చేరింది. ఒక్కటీ పగల్లేదు. ఉద్యోగం సంగతి మాత్రం ఆయన ఏమీ అనలేదు" అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. అవును అనాల్సిన చోట కాదన్న సంగతి కూడా దాచలేదు.

అవతలనుంచి గిన్నెల చప్పుడు వినిపించింది.

"ఏం చేస్తున్నావు?"

"మూట విప్పుతున్నాను. మీరు ఆ మాట అన్నందుకు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఇక్కడే ఏదో ఒకటి చేసుకుందాం. నాన్నకి నేను చెప్తాలెండి."

మర్నాడు పొద్దున్న ఓనరు పిలిపించాడు. టార్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓనరు తలుపు వేసి గొంతు తగ్గించాడు.

"నిన్న నువ్వు చెప్పింది నేను నమ్మాననుకుంటున్నావా? ఆ బీరువా, ఆ ముసలావిడ! నా చెవుల్లో నీకేమైనా పూలు కనపడుతున్నాయా? ఆ కుర్రాణ్ణి ఈసారికి వదిలేశాను. కాని ఒక్క విషయం ఒప్పుకోవాలయ్యా. పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ముందు బండిని అంత గట్టిగా పట్టుకుని వెళ్లినవాణ్ణి చూడలేదు. అందుకని ఉద్యోగం నీకే. రోజూ నీది రెండో బండి. ఎవడు బయల్దేరినా వాడి వెనకాలే వెళ్లు. బండి సొంత పనికి తిప్పాడా లేదా చూసి, సాయంత్రం నాకొక్కడికే చెప్పాలి."

టార్చి ఆ ఉద్యోగం ఎంతో శ్రద్ధగా చేశాడు. ఏ సందులోకి వెళ్లినా ముందు బండిని వదల్లేదు, ప్రతి సాయంత్రం ఓనరు గదిలోకి వెళ్లి "అందరూ తిన్నగానే వెళ్లారండీ" అని చెప్పి వచ్చాడు. ఆ ఏడాది ఆ డ్రైవర్ల చుట్టాల్లో చాలామంది ఇళ్లు మారారు, ఒక్కరికీ లారీ అద్దె పడలేదు.